నూనె తాగినవారూ తగ్గారు, నూనె మానినవారూ తగ్గారు!

పిల్లలూ! మన తెలుగునాట లావు తగ్గాలనుకునేవారికి సలహాలకు కొదవ లేదు. ఒకరు అన్నం మానేసి కొబ్బరినూనె తాగమంటారు. ఇంకొకరు కూరలో నూనెబొట్టు కూడా వేయవద్దంటారు. మరొకరు బియ్యం పక్కనపెట్టి కొర్రలు, సామలు వండుకోమంటారు. ఈ సలహాలు ఒకదానితో ఒకటి పొసగవు. అయినా వింత చూడండి: మూడు పద్ధతుల్లోనూ “నేను తగ్గాను” అని చెప్పేవారు ఉన్నారు. జగ్గయ్యపేటలోనూ ఉన్నారు, నందిగామలోనూ ఉన్నారు. వారు అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే తగ్గారు.

నూనె తాగితే తగ్గడం నిజమైతే, నూనె మానితే తగ్గడం ఎలా నిజమవుతుంది? ఈ ప్రశ్న మీకు రావాలి. సైన్సు చదివే విద్యార్థికి ఇలాంటి చోటనే కుతూహలం పుట్టాలి. ఈ చిక్కు విప్పుకుంటే, ఇకముందు ఎవరు ఏ కొత్త పద్ధతి చెప్పినా దాని మంచిచెడ్డలు మీరే తూచుకోగలరు.

మన దగ్గర ప్రచారంలో ఉన్నవి

ముందుగా ఈ పద్ధతులేమిటో క్లుప్తంగా చూద్దాం. విజయవాడకు చెందిన వీరమాచనేని రామకృష్ణ గారి పేరు 2017, 2018 సంవత్సరాలలో ఇంటింటా వినిపించింది. ఆయన వైద్యులు కారు. అన్నం, టిఫిన్లు, పంచదార, పండ్లు పూర్తిగా మానాలి. రోజుకు 70 నుండి 100 గ్రాముల కొవ్వు, ముఖ్యంగా కొబ్బరినూనె తీసుకోవాలి. మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్ళు, విటమిన్ మాత్రలు కూడా తీసుకోవాలి. ఇదీ ఆ పద్ధతి సారాంశం. ఆయన సభలకు జనం తండోపతండాలుగా వెళ్ళారు.

అంతకుముందు నుండే మంతెన సత్యనారాయణరాజు గారు ప్రకృతి జీవన విధానం పేరుతో ఉప్పు, నూనె, పంచదార లేని వంటలను ప్రచారం చేస్తున్నారు. పచ్చి కూరల రసాలు, మొలకెత్తిన గింజలు, పండ్లు ఆయన చెప్పేవాటిలో ముఖ్యమైనవి. మైసూరులో ఉంటున్న ఖాదర్ వలీ గారు కొర్రలు, అండుకొర్రలు, సామలు, అరికలు, ఊదలు అనే ఐదు చిరుధాన్యాలను సిరిధాన్యాలని పిలిచి వాటినే తినమంటారు. 2023లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినదీ 2023నే.

ఇలాంటి ప్రచారం మన దగ్గర మొదలైనదేమీ కాదు. 1863లోనే లండన్‌లో విలియం బాంటింగ్ అనే ఆయన రొట్టె, పంచదార, బంగాళాదుంప మాని తాను ఎలా సన్నబడిందీ చెబుతూ ఒక చిన్న పుస్తకం అచ్చువేశాడు. ఆయన వృత్తి వైద్యం కాదు, అంత్యక్రియల ఏర్పాట్లు చూడడం. ఆ పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. పిండిపదార్థాలు బాగా తగ్గించి కొవ్వు పెంచే ఆహారాన్ని 1921లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు మూర్ఛవ్యాధికి చికిత్సగా సూచించారు. అంటే కొబ్బరినూనె పద్ధతికి అన్నదమ్ములు వందేళ్ళ క్రితమే ఉన్నారన్నమాట.

లెక్క కట్టి చూద్దాం

శరీరానికి శక్తి ఆహారం నుండి వస్తుంది. ఒక గ్రాము పిండిపదార్థం 4 కిలోకేలరీలు, ఒక గ్రాము మాంసకృత్తులు 4, ఒక గ్రాము కొవ్వు 9 ఇస్తాయని మీరు చదువుకున్నారు. వాడుకలో కిలోకేలరీనే కేలరీ అంటాం కనుక ఇక్కడా అలాగే అందాం. ఖర్చుకు మించి తింటే మిగులు కొవ్వుగా నిలవ ఉంటుంది. తక్కువ తింటే ఆ నిలవ కరుగుతుంది. ఒక కిలో శరీరపు కొవ్వులో సుమారు 7,700 కేలరీలు దాగి ఉంటాయి.

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. మన మెట్ట ప్రాంతంలో మూడుపూటలా అన్నం తినే ఒకాయనను ఊహించుకోండి. రోజుకు అరకిలో బియ్యం వండుకు తింటాడనుకుందాం. 100 గ్రాముల బియ్యంలో 356 కేలరీలు. కనుక అన్నం నుండే 1,780. కూరల్లో, వేపుళ్ళలో నూనె 40 గ్రాములు, అంటే 360. పప్పు, పెరుగు కలిపి 300 అనుకుందాం. రోజుకు ఐదు టీలు, ఒక్కోదానిలో రెండు చెంచాల పంచదార. అది 50 గ్రాములు, అంటే 200. మొత్తం 2,640.

ఈయన ఇప్పుడు కొబ్బరినూనె పద్ధతిలోకి మారాడు. నూనె 80 గ్రాములు, 720 కేలరీలు. నాలుగు గుడ్లు, ఒక్కోటి 70 చొప్పున 280. ఆకుకూరలు, సూపు, నిమ్మరసం కలిపి 200. మొత్తం 1,200. నూనె అంత తాగుతున్నా, తినేది సగానికన్నా తక్కువైపోయింది! అన్నం లేదు, టీలో పంచదార లేదు, సాయంత్రం బజ్జీ లేదు, పెళ్ళిభోజనంలో బూరె లేదు. కొవ్వు, గుడ్లు కడుపులో నిదానంగా అరుగుతాయి కనుక ఆకలి కూడా కొంత అణిగి ఉంటుంది.

మంతెన వారి పద్ధతికి మారినాయన సంగతి చూడండి. అక్కడ నూనె పోయింది, పంచదార పోయింది. కూరగాయలు, పండ్లలో పీచు, నీరు ఎక్కువ. కడుపు నిండుతుంది కాని కేలరీలు పెద్దగా చేరవు. ఉప్పులేని కూర ఎవరూ మారు వడ్డించుకోరు కదా! అక్కడా మొత్తం తగ్గింది.

ఇదీ చిక్కుముడి విడిపోయే చోటు. దారులు వేరు, లెక్క ఒక్కటే. తగ్గించిన ఘనత నూనెదీ కాదు, నూనె మానడానిదీ కాదు. రెండిటిలోనూ మనిషి మునుపటికన్నా తక్కువ తిన్నాడు.

మొదటి వారం మాయ

“పది రోజుల్లో నాలుగు కిలోలు తగ్గాను” అనే మాట మీరు వినే ఉంటారు. అదీ నిజమే కావచ్చు. కాని తగ్గినది ఏమిటి?

మన కాలేయంలోను, కండరాలలోను గ్లైకోజెన్ అనే పిండిపదార్థం నిలవ ఉంటుంది. పెద్దవారిలో అంతా కలిపి సుమారు 400 నుండి 500 గ్రాములు. ప్రతి గ్రాము గ్లైకోజెన్ తనతోపాటు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం మానగానే శరీరం ముందు ఈ నిలవను వాడుకుంటుంది. గ్లైకోజెన్ పోతే దాన్ని అంటిపెట్టుకున్న నీరూ పోతుంది. రెండూ కలిపితే ఒకటిన్నర నుండి రెండు కిలోలు. ఉప్పు మానినా ఇలాగే కొంత నీరు బయటకు పోతుంది. తూకం యంత్రానికి నీటికీ కొవ్వుకూ తేడా తెలియదు. అది కిలోలే చెబుతుంది. మళ్ళీ రెండు రోజులు అన్నం తింటే పోయిన నీరు తిరిగి వస్తుంది. అప్పుడు మనిషి బెదిరిపోయి “చూశావా, అన్నం తినగానే రెండు కిలోలు పెరిగాను! అన్నం విషం” అంటాడు.

మనం ఊహించుకున్న మనిషికి రోజుకు 1,440 కేలరీలు తగ్గాయి. నెలకు 43,200. దాన్ని 7,700తో భాగిస్తే ఐదున్నర కిలోల పైచిలుకు కొవ్వు. దానికి నీటి బరువు కలపండి. పోయే బరువులో కొంత కండరం కూడా ఉంటుంది. నెలకు ఏడెనిమిది కిలోలు తగ్గిన మాటలో ఏ మహిమా లేదని తేలింది కదా! ఈ వేగం కూడా నిలవదు. శరీరం చిన్నదయ్యేకొద్దీ దాని ఖర్చు కూడా తగ్గుతుంది.

ఇక “నెలలో పది కిలోల కొవ్వు కరిగిస్తాం” అనే ప్రకటన కనబడితే ఏం చేయాలి? పది కిలోల కొవ్వు అంటే 77,000 కేలరీలు. రోజుకు దాదాపు 2,570. ఆయన రోజంతా తినేదే 2,640! అంటే నెలంతా దాదాపు ఏమీ తినకుండా ఉంటే తప్ప అంత కొవ్వు కరగదు. ఇలాంటి ప్రకటనను పట్టుకోవడానికి డాక్టరు చదువు అక్కరలేదు. గుణకారం, భాగహారం వస్తే చాలు.

పరీక్షించి చూసినవారు ఏం చెప్పారు?

నా లెక్క కాగితం మీది లెక్క. నిజం మనుషుల మీద తేలాలి. అలా తేల్చిన పరిశోధనలున్నాయి.

2009లో ఫలితాలు వెలువడిన ఒక పరిశోధనలో అమెరికాలో 811 మందిని నాలుగు జట్లుగా చేసి, కొవ్వు, మాంసకృత్తులు, పిండిపదార్థాల పాళ్ళు మార్చి నాలుగు రకాల ఆహారాలు సూచించారు. ఎవరు ఏ జట్టులోకి వెళ్ళాలన్నది చీటీ తీసినట్టుగా నిర్ణయించారు. రెండేళ్ళు గమనించారు. నాలుగు జట్లూ దాదాపు ఒకేలా తగ్గాయి. ఆరు నెలలకు సగటున ఆరు కిలోలు తగ్గినవారు, ఏడాది దాటాక కొంత తిరిగి పెరగసాగారు.

2018లో ఫలితాలు వెలువడిన మరో పరిశోధనలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్టఫర్ గార్డ్‌నర్ బృందం 609 మందిని రెండు జట్లు చేసింది. ఒక జట్టు కొవ్వు తగ్గించింది. మరో జట్టు పిండిపదార్థాలు తగ్గించింది. ఇద్దరికీ కూరగాయలు బాగా తినమనీ, పంచదార, మైదా మానమనీ చెప్పారు. ఏడాది తరువాత కొవ్వు తగ్గించినవారు సగటున 5.3 కిలోలు, పిండి తగ్గించినవారు 6 కిలోలు తగ్గారు. ఆ కొద్ది తేడా లెక్కలోకి వచ్చేది కాదు. అయితే ఒకే జట్టులోని మనుషుల మధ్య తేడా చాలా పెద్దది. 30 కిలోలు తగ్గినవారున్నారు. 10 కిలోలు పెరిగినవారూ ఉన్నారు!

ఈ చివరి మాట గుర్తుంచుకోండి. మీ పక్కింటాయన ఇరవై కిలోలు తగ్గితే అది ఆయన సంగతి. అదే పద్ధతిలో మీ బాబాయి పెరగవచ్చు. ఒక్కరిని చూసి అందరికీ సూత్రం కట్టకూడదు.

కనిపించని జట్టు

ఇక్కడ మనం తరచు పొరపడే చోటు ఒకటుంది. సభల్లో మైకు పట్టుకుని ఎవరు మాట్లాడతారు? తగ్గినవారు. ఫోనులో వీడియో ఎవరు పెడతారు? తగ్గినవారు. పది రోజులు చేసి, తలనొప్పి వచ్చి, మలబద్ధకం వచ్చి మానేసినాయన ఎక్కడున్నాడు? ఇంట్లో ఉన్నాడు. తగ్గి, ఏడాదికి మళ్ళీ అంతకంత పెరిగినావిడ? ఆవిడ సిగ్గుపడి ఎవరికీ చెప్పదు.

పరిశోధనలో అయితే మానేసినవారినీ లెక్కపెట్టాలి. స్టాన్‌ఫర్డ్ పరిశోధనలో 609 మందిలో ఏడాది చివరి వరకు నిలిచినవారు 481 మంది. డబ్బు ఖర్చు పెట్టి, నిపుణులు వెంట ఉండి చెబుతూ ఉంటేనే ఐదుగురిలో ఒకరు మధ్యలో జారుకున్నారు. మన ఊళ్ళో ఎవరి అజమాయిషీ లేకుండా చేసేవారిలో ఎందరు జారుకుంటారో ఆలోచించండి.

జగ్గయ్యపేట నుండి వంద మంది మొదలుపెట్టి, పది మంది బాగా తగ్గి, ఆ పది మందే మీకు ఎదురుపడితే, “చేసినవారందరూ తగ్గారు” అనిపిస్తుంది. కనుక “ఎందరు తగ్గారు?” అన్న ప్రశ్న చాలదు. “ఎందరు మొదలుపెట్టారు? రెండేళ్ళ తరువాత ఎందరు అలాగే ఉన్నారు?” అని అడగాలి.

తగ్గడం ఒకటి, ఆరోగ్యం ఒకటి

బరువు తగ్గినంత మాత్రాన పద్ధతి ఆరోగ్యకరమైనదని చెప్పలేం. టైఫాయిడ్ వచ్చినా మనిషి తగ్గుతాడు!

కొబ్బరినూనె సంగతే తీసుకుందాం. దానిలో ఐదింట నాలుగు వంతులకు పైగా సంతృప్త కొవ్వు. రోజుకు 70 గ్రాములు తాగితే యాభై గ్రాములకు మించి సంతృప్త కొవ్వు లోపలికి వెళుతుంది. మొత్తం శక్తిలో పదో వంతుకు మించి సంతృప్త కొవ్వు నుండి రాకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజుకు 2,000 కేలరీలు తినేవారికి అది సుమారు 22 గ్రాములు. కొబ్బరినూనెపై జరిగిన పరీక్షలన్నిటినీ కలిపి 2020లో సమీక్షించినప్పుడు, వేరుశనగ, పొద్దుతిరుగుడు వంటి నూనెలతో పోలిస్తే అది రక్తంలో చెడ్డ కొలెస్టరాల్‌ను పెంచుతుందని తేలింది. చెడ్డ కొలెస్టరాల్ పెరిగితే గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. పైగా పండ్లు, గింజధాన్యాలు, పప్పులు మానితే పీచు తగ్గిపోతుంది. మూత్రపిండాల జబ్బు, గుండె బలహీనత ఉన్నవారు నాలుగు లీటర్ల నీళ్ళు తాగడం ప్రమాదం.

మరి మధుమేహం ఉన్నవారి మాటేమిటి? ఇక్కడ న్యాయంగా మాట్లాడాలి. పిండిపదార్థాలు తగ్గిస్తే రక్తంలో చక్కెర తగ్గడం నిజమే. బరువు బాగా తగ్గితే కొందరిలో మధుమేహం వెనక్కి తగ్గుతుంది కూడా. బ్రిటన్‌లో దీన్ని పరీక్షించి చూశారు. కొన్నాళ్ళపాటు రోజుకు సుమారు 850 కేలరీల ఆహారం మాత్రమే ఇస్తే, ఏడాది తరువాత 46 శాతం మందికి మందులు లేకుండానే చక్కెర అదుపులోకి వచ్చింది. రెండేళ్ళకు అది 36 శాతం. ఆ పనంతా వైద్య సిబ్బంది కనుసన్నల్లో, రక్తపరీక్షలు చేస్తూ జరిగింది. ఇన్సులిన్ వాడుతున్నవారిని ఆ పరిశోధనలోకి తీసుకోనేలేదు.

మన దగ్గర జరిగేది అందుకు భిన్నం. వీడియో చూసి సొంతంగా మాత్రలు మానేసేవారున్నారు. మాత్ర మానకుండా అన్నం మానేసేవారూ ఉన్నారు. మొదటి పని చేస్తే చక్కెర ప్రమాదకరంగా పెరగవచ్చు. రెండో పని చేస్తే చక్కెర ఒక్కసారిగా పడిపోయి స్పృహ తప్పవచ్చు. చిన్ననాటనే వచ్చే మధుమేహంలో క్లోమం ఇన్సులిన్‌ను తయారుచేయలేదు. అలాంటివారు ఇన్సులిన్ మానితే కీటోన్ ఆమ్లాలు రక్తంలో పేరుకుని ప్రాణం పోతుంది. మీ ఇంట్లో తాతయ్యో, అమ్మమ్మో ఇలాంటి ప్రయత్నం మొదలుపెడితే, “డాక్టరు గారితో ఒక్క మాట చెప్పి మొదలుపెట్టు” అనడం మీ బాధ్యత. చిన్నవాళ్ళం మనకెందుకని ఊరుకోవద్దు.

మన జొన్నల మాట

చిరుధాన్యాల వంతు వచ్చింది. నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతం 2022 నుండి ఎన్‌టీఆర్ జిల్లాలో ఉన్నా, అంతకుముందు కృష్ణా జిల్లా మెట్ట. డెల్టాలో వరి పండుతుంటే ఇక్కడ జొన్న, కంది, పత్తి, మిరప పండేవి. మీ ముత్తాతలు జొన్న సంకటి, జొన్న రొట్టె తిన్నారు. పండగనాడే వరి అన్నం. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్ళు వచ్చాక వరి పెరిగింది. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక జొన్న వంటింటి నుండి దాదాపు తప్పుకుంది.

“అందుకే ఆనాటివారు సన్నగా ఉండేవారు” అనే మాట వింటాం. లెక్క చూద్దాం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల బియ్యంలో 356 కేలరీలు, జొన్నల్లో 334, రాగుల్లో 321. పెద్ద తేడా లేదు. పీచులో మాత్రం చాలా తేడా ఉంది. బియ్యంలో మూడు గ్రాముల లోపు. జొన్నల్లో పది, రాగుల్లో పదకొండు. పీచు ఉన్న తిండి నెమ్మదిగా అరుగుతుంది, త్వరగా కడుపు నిండుతుంది. అది మంచిదే. కాని కొర్ర బియ్యంతో నెయ్యి కారే పొంగలి చేసుకుని కడుపునిండా తింటే ఎవరూ తగ్గరు.

ఆనాటివారు సన్నగా ఉండడానికి ఇంకో కారణం వారి కాళ్ళూ చేతులూ. పొలానికి నడిచారు, నీళ్ళు మోశారు, గొర్రు తోలారు. ఎన్నోసార్లు తిండి చాలకా సన్నబడ్డారు. అది మనం కోరుకునే ఆరోగ్యం కాదు. నా అభిప్రాయం ఇది: జొన్న, రాగి, సజ్జ మన తిండిలోకి తిరిగి రావాలి. మందుగా కాదు, తిండిగా రావాలి. బియ్యాన్ని విషమని తిట్టి, ఎక్కువ ధర పెట్టి కొర్రలు కొనలేని ఇంటివారిని భయపెట్టడం తగదు.

మీ వయసు వేరు

ఇంతవరకు చెప్పిన పరిశోధనలన్నీ పెద్దవారి మీద చేసినవి. మీరు ఎదిగే వయసులో ఉన్నారు. ఇదే నేను ఈ వ్యాసంలో గట్టిగా చెప్పదలచుకున్నది.

13 నుండి 15 ఏళ్ళ అమ్మాయికి రోజుకు సుమారు 2,400 కేలరీలు, అబ్బాయికి 2,860 కావాలని భారత వైద్య పరిశోధన మండలి 2020లో సూచించింది. ఎక్కువ సమయం కూర్చుని పనిచేసే పెద్ద మగవారికి కావలసినది 2,110 మాత్రమే! అంటే మీ నాన్న కన్నా మీకే ఎక్కువ కావచ్చు. ఈ వయసులో అమ్మాయికి రోజుకు 30 మిల్లీగ్రాముల ఇనుము, 1,000 మిల్లీగ్రాముల కాల్షియం అవసరం. జీవితాంతం మిమ్మల్ని నిలబెట్టే ఎముకల గట్టిదనం ఎక్కువ భాగం ఈ ఏళ్ళలోనే చేకూరుతుంది. ఇప్పుడు చేజారితే నలభై ఏళ్ళ వయసులో తెచ్చుకోవడం కష్టం.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 19 ఏళ్ళ అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. ఉదయం ప్రార్థన సమయంలో కళ్ళు తిరిగి కూర్చుండిపోయే అమ్మాయిలను బడిలో నేను చూస్తూనే ఉంటాను. “ఏం తిన్నావమ్మా?” అంటే “ఏమీ తినలేదు సార్” అనే జవాబు వస్తుంది. మునుపు ఇంట్లో లేక తినని పిల్లలుండేవారు. ఇప్పుడు లావవుతామని తినని పిల్లలు కూడా తోడయ్యారు. వారిలో చాలామంది లావే కారు! ఫోనులో కనబడే బొమ్మలతో పోల్చుకుని తమను తాము లావనుకుంటున్నారు. మధ్యాహ్న భోజనంలో కోడిగుడ్డు పక్కకు నెట్టేసి, చిక్కీ పక్కనున్నవారికి ఇచ్చేసి, సాయంత్రం ఆకలికి ఆగలేక పది రూపాయల చిప్స్ పొట్లం విప్పుతున్నారు. ఇనుము, మాంసకృత్తులు ఉన్నది వదిలి, నూనె, ఉప్పు ఉన్నది తింటే లాభమేమిటి?

నిజంగా బరువు ఎక్కువున్న పిల్లలూ మన బడుల్లో ఉన్నారు. వారిని ఎగతాళి చేయడం నీచమైన పని. ఎగతాళి వల్ల ఎవరూ సన్నబడరు. చాటుగా తినడం మాత్రం నేర్చుకుంటారు. పెద్దవారికి వాడే బరువు-ఎత్తు సూత్రాన్ని అలాగే పిల్లలకు వాడకూడదు. పిల్లలకు వయసును బట్టి వేరే పట్టికలుంటాయి. వాటిని చూసి చెప్పవలసింది ఆరోగ్య కేంద్రంలోని డాక్టరు. చాలాసార్లు ఎదిగే పిల్లవాడిని తగ్గించవలసిన అవసరమే ఉండదు. బరువు పెరగకుండా నిలిపితే, ఎత్తు పెరిగి తనంతట తానే సరిపోతాడు. అందుకు కూల్‌డ్రింకులు, పొట్లాల తిండి మానడం, సాయంత్రం గంటసేపు కబడ్డీయో ఖోఖోయో ఆడడం, వేళకు నిద్రపోవడం మొదటి మెట్లు. వీటికి పైసా ఖర్చు లేదు.

అడగవలసిన ఐదు ప్రశ్నలు

ఇకముందు ఏ పద్ధతి మీ చెవిన పడినా ఈ ఐదు ప్రశ్నలు వేయండి.

1. తగ్గినది కొవ్వా, నీరా, కండరమా? వారం రోజుల ఫలితం చూపిస్తే నమ్మవద్దు.

2. ఎందరు మొదలుపెట్టారు, ఎందరు మానేశారు, రెండేళ్ళకు ఎందరు నిలిచారు?

3. ఏ ఆహార వర్గాన్ని పూర్తిగా మానమంటున్నారు? దానిలోని పోషకాలు మరెక్కడి నుండి వస్తాయి?

4. ఎవరు చేయకూడదో చెప్పారా? ఎదిగే పిల్లలకు, గర్భిణులకు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి, ఇన్సులిన్ వాడేవారికి కూడా ఒకే సలహా ఇస్తుంటే అది మంచి సలహా కాదు.

5. దీన్ని జీవితాంతం చేయగలమా? పండగనాడు, పెళ్ళిలో, పొలం పనుల రోజుల్లో కూడా సాగుతుందా?

ఈ ప్రశ్నలు ఎవరినీ అవమానించడానికి కాదు. వీరమాచనేని గారి వల్ల పంచదార మానినవారున్నారు. మంతెన వారి వల్ల ఉప్పు తగ్గించినవారున్నారు. ఖాదర్ వలీ గారి వల్ల చిరుధాన్యాలు మళ్ళీ సంతలోకి వచ్చాయి. అంతవరకు మేలే. చెప్పే మనిషి మీద గౌరవం ఉంచుకోండి; చెప్పిన మాటను మాత్రం పరీక్షకు పెట్టండి.

జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఆహార మార్గదర్శకాలను విడుదల చేసింది. దానిలో అద్భుతాలేవీ లేవు. రకరకాల తిండి తినమంది. పళ్ళెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలంది. పప్పుదినుసులు, గుడ్లు, పాలు మిగతా సగంలో ధాన్యంతోపాటు చోటు చేసుకోవాలంది. నూనె, ఉప్పు, పంచదార మితంగా వాడమంది. అంటే పళ్ళెంలో అన్నపు కుప్ప కొంచెం చిన్నదై, గోంగూర పప్పు, తోటకూర వేపుడు, గుడ్డు, గిన్నెడు పెరుగు పెద్దవి కావాలి. ఇందుకు ఎవరూ సభ పెట్టరు, ఎవరూ వీడియో చేయరు. అయినా జీవితాంతం సాగేది ఇదే.

ఒక పని చేయండి. ఒక ఆదివారం ఉదయం నుండి రాత్రి వరకు మీ ఇంట్లో ఒక పెద్దవారు తిన్నదీ తాగినదీ, టీలో పంచదారతో సహా, నోటుబుక్కులో రాయండి. కేలరీల లెక్క కట్టండి. పొట్లాల మీద అచ్చువేసిన అంకెలు కూడా చదవండి. తరువాత ఆ కాగితం వారి ముందుపెట్టి, దేన్ని తగ్గించవచ్చో, దేన్ని పెంచవచ్చో కలిసి మాట్లాడుకోండి. మీ కాగితం కూడా పక్కన పెట్టండి. అమ్మాయిలు తమ కాగితంలో ఇనుము దేని నుండి వచ్చిందో ఎర్ర సిరాతో గీత గీయాలి. ఎర్ర గీత ఒక్కటీ లేకపోతే, మరునాడు ఉదయం టిఫిన్ తినకుండా బడికి రావద్దు.